పది గుంటల ఒంటి నాటు

మా ఊరి మహిళా సంఘం భవనం మీద తెల్లటి గొడుగు బిగించిన రోజు ఊళ్లో సగంమంది పనులు మానుకుని కింద నిలబడి చూశారు. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. గద్వాల నుంచి అయిజ పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది మా ఊరు. అప్పటికి ఊళ్లో సెల్‌ఫోన్లు నాలుగో ఐదో ఉండేవి. సిగ్నల్ కోసం వాటిని పట్టుకుని మిద్దెలెక్కేవారు. ఈ గొడుగు మన మాటల్ని ఆకాశంలోకి పంపుతుందని, అక్కడి నుంచి వచ్చే మాటల్ని పట్టుకుంటుందని బిగించడానికి వచ్చినవాళ్లు చెప్పారు. కింది గదిలో ఒక కంప్యూటరు, దాని మీద చిన్న కెమెరా, పక్కన ఒక ప్రింటరు పెట్టారు. వాటి దగ్గర కూర్చునే పని నాకు వచ్చింది. ఇంటర్ చదివిన కోడలు ఊరి మొత్తానికి నేనొక్కదాన్నే.

పాలమూరులో మూడు వారాలు శిక్షణ ఇచ్చి పంపారు. ఫొటో తీసి పంపడం, రైతులకు పంటల సినిమాలు వేసి చూపించడం, మంగళవారం మధ్యాహ్నం పరిశోధనా కేంద్రంతో మాట కలపడం నేర్పారు. మంగళవారం మూడు గంటలకు తెర మీద ఒక శాస్త్రవేత్త కనిపించేవారు. మేమంతా ఆయన్ని సార్ అనేవాళ్లం. రైతు కెమెరా ముందు కూర్చుని అడిగితే ఆయన ఎక్కడో వందల మైళ్ల దూరం నుంచి జవాబు చెప్పేవారు. మాట రెండు క్షణాలు ఆలస్యంగా వచ్చేది. ఆ రెండు క్షణాలు గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేది.

మొదట్లో పంట గురించి అడిగినవాళ్లు తక్కువ. తెర మూలన చిన్న చదరంలో ఎవరి ముఖం వాళ్లకు కనిపించేది. దాన్ని చూసుకోవడానికే వచ్చేవారు. ఒక ముసలాయన రుమాలు విప్పి, మళ్లీ శుభ్రంగా చుట్టుకుని వచ్చి కూర్చుని, సార్ ఏమడిగినా తల ఊపి, తృప్తిగా లేచి వెళ్లిపోయాడు.

మా అత్త మాత్రం రాలేదు. మా ఇంట్లో సేద్యమంటే ఆమే. మామ ఎరువులు తేవడం, కూలీలను పిలవడం చూసుకునేవాడు. నా భర్త గద్వాలలో ఆటో నడిపేవాడు. విత్తనాన్ని చేతిలోకి తీసుకుని, పంటి కింద ఒక గింజ కొరికి, వేయాలో వద్దో తేల్చేది ఆమె. అక్షరం ముక్క రాదు. నేను కంప్యూటరు గదికి బయలుదేరుతుంటే, "ఆ డబ్బ ముంగల కూసుంటే మడి పండుతదా పిల్లా?" అనేది. ఎకసెక్కంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుండేది.

ఆ ఏడు వానలు వెనకపట్టాయి. మా బోరు గంటసేపు పోసి, ఆ తర్వాత గాలి ఊదేది. బోరు కింద మాకు ఎకరంన్నర వరి మడి ఉంది. ఒకరోజు పొద్దున మామ చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఈసారి వరి బంద్. ఆముదాలేద్దాం," అన్నాడు. అత్త ఆ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఒప్పుకోలేదని అర్థం. ఇంట్లో తినే బియ్యం మా మడిలో పండినవే కావాలన్నది ఆమె పట్టుదల.

ఆ సాయంత్రం రొట్టెలు చేస్తూ నేను మాటవరసకు చెప్పాను. కంప్యూటరులో ఒక సినిమా ఉందని, అందులో వరికి నీళ్లు నిలబెట్టరని, తడి ఆరకుండా ఉంటే చాలంటున్నారని. అత్త పిండి పిసకడం ఆపి నా వంక చూసింది.

"నీళ్లు లేకుంటె అది వరెట్లయితది?"

"నాకు తెల్వదత్తా. సినిమల చూపిచ్చిండ్రు."

మర్నాడు మధ్యాహ్నం గడ్డిమోపు నెత్తిన పెట్టుకునే వచ్చింది. మోపు గది బయట దించి, కొడవలి దాని మీద పెట్టి, కాళ్లు దులుపుకుని లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది. కుర్చీ చూపిస్తే వద్దంది. నేను సినిమా వేశాను. ఒక రైతు చిన్న నారు మొక్కను రెండు వేళ్లతో పట్టుకుని మట్టిలో పెడుతున్నాడు. ఒక్కటే మొక్క. దానికి జానెడు దూరంలో ఇంకొకటి. చివర్లో అతడు కోతకు వచ్చిన ఒక దుబ్బును వేర్లతో సహా పెకలించి కెమెరాకు చూపించాడు.

"ఆపు. ఆడ్నే ఆపు," అంది.

ఆపాను. ఆమె లేచి తెర దగ్గరికి వచ్చింది. చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఆ వేర్ల మీద వేలు పెట్టింది. తెల్లటి వేర్లు, చీపురు కట్టంత. మా మడిలో పెరికిన దుబ్బుకు వేర్లు నల్లగా, పొట్టిగా ఉంటాయి. ఆమె ఎన్ని వేల దుబ్బులు పెరికి ఉంటుందో. ఆ తేడా చూడటానికి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"మల్ల మొదట్నుంచి వెయ్యి."

మళ్లీ వేశాను. మళ్లీ. ఎన్నిసార్లు వేశానో లెక్క తప్పింది. నేను అప్పటికి ఆ సినిమాను పదిమందికి చూపించి ఉన్నాను, కానీ నేను చూడనివన్నీ ఆమె చూసింది. అతడు మొక్కను పీకలేదని, మట్టితో సహా ఎత్తాడని చూసింది. మొక్క కాళ్ల దగ్గర విత్తనపు గింజ ఇంకా ఊడకుండా ఉందని చూసింది. "నారు పండ్లు రాని పసిపిల్ల లెక్కున్నది. పది దినాలది గూడ గాదు," అంది. సినిమాలో చెప్పే ఆయన ఆ మాట చెప్పనే చెప్పాడు, ఎనిమిది నుంచి పన్నెండు రోజుల నారు అని. కానీ ఆయన భాష ఆమెకు సగం అర్థం కాలేదు. ఆమె విన్నది కాదు, ఆకు చూసి చెప్పింది.

మంగళవారం వచ్చి కెమెరా ముందు కూర్చుంది. ఈసారి కుర్చీలోనే. మూలనున్న చదరంలో తన ముఖాన్ని ఒక్కసారి చూసి ఇక అటు చూడలేదు.

"చెప్పండమ్మా, వినబడుతోందా?" అన్నారు సార్.

"ఇనొస్తుంది సారూ. మాది ఎర్ర చెలక మన్ను. కింద జానెడు లోతుల నల్లమన్ను. నీళ్లు తక్కువున్నయి. గీ ఒంటి నాటు మా మన్నుకు పనికొస్తదా?"

రెండు క్షణాలు. సార్ ముందుకు వంగారు. కింద నల్లమట్టి ఎలా తెలుసని అడిగారు. బోరు వేసినప్పుడు చూశానంది. ఎండాకాలం ఎంత వెడల్పున పగులుతుందని అడిగితే, చిటికెన వేలు నిలువునా పెట్టి చూపించింది. ఆయన రాసుకున్నారు. చివరికి, "చేయొచ్చమ్మా. కానీ మొత్తం ఎకరంన్నర వద్దు. మొదటిసారి కాబట్టి పది గుంటలు, అంటే పావు ఎకరం, చేసి చూడండి. మిగతాది మీ ఇష్టం," అన్నారు.

ఇంటికొచ్చి మామతో అంది: "పది గుంటలు నాకిడిసిపెట్టు. తక్కింది నువ్వు ఆముదాలేస్తవో ఏమేస్తవో ఏసుకో." మామ ఆమె ముఖం చూసి తలుపు గొళ్లెం వంక చూస్తూ, "నీ ఇష్టం," అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ మడి సంగతి ఎత్తలేదు.

నారు కోసం అత్త పెంట ఎరువు కలిపి కూరగాయల మడిలా ఎత్తుగా ఒక మడి కట్టింది. మామూలుగా వేసే విత్తనంలో పదో వంతు కూడా వేయలేదు. పదో రోజున నాట్లకు మా వాడ ఆడవాళ్లు ఆరుగురు వచ్చారు. వాళ్లకు పెద్దగా ఉండే ఒకామె నారును చూసి, "ఇదేంది వదినా, నారా, కనుబొమ్మ ఎంటికలా?" అంది. అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. జానెడు జానెడుకు ముడులేసిన తాడును ఇటు నేను, అటు ఆమె పట్టుకున్నాం. ముడి దగ్గర ఒక్క మొక్క, లోతుగా గుచ్చకుండా, పక్కకు జార్చినట్టు పెట్టాలి. నాట్లు వేయడంలో ఆ ఆడవాళ్ల చేతులు ఎంత వడిగా ఆడతాయో చెప్పలేను. ఆ చేతులకు ఈ పని సంకెళ్లు వేసినట్టయింది. నాలుగు సాళ్లకే నడుములు పట్టుకున్నారు.

"పూసలు గుచ్చుతున్నట్టున్నది వదినా. గీ పని మాతోని గాదు," అని పెద్దామె ఒడ్డెక్కింది. మిగతావాళ్లు ఆమె వెనకే వెళ్లారు. ఎవరూ గొడవ పడలేదు. వాళ్లకు రావాల్సిన కూలి అత్త ఇచ్చి పంపింది. మిగిలింది ఆమె, నేను. నేను కంప్యూటరు గదికి తాళం వేసి రెండు రోజులు వచ్చాను. రెండో రోజు సాయంత్రానికి పని అయిపోయి ఒడ్డు మీద కూర్చుని వెనక్కి చూస్తే మడిలో ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. తడి మట్టి, దాని మీద ఎక్కడో ఒక ఆకుపచ్చ గీత. దగ్గరికి పోతే తప్ప అది మొక్కని తెలియదు.

ఆ దారిన పోయేవాళ్లు ఆగి అడిగేవారు. "ఏమేసినవక్కా?" అని ఒకరు. "ఇంక ఏయలేదా?" అని ఇంకొకరు. మామ పొలానికి పోయే దారి మార్చాడు. ఆ మడి కనబడకుండా వాగు పక్క నుంచి చుట్టూ తిరిగి ఆముదపు చేనికి పోయేవాడు. ఇంట్లో మాట తగ్గింది. నా మీద ఎవరూ కోపం చూపలేదు, కానీ సినిమా సంగతి ఎత్తింది నేనే కదా అని నాకు అన్నం సయించేది కాదు.

నీళ్లు నిలవని మడిలో కలుపు ఎక్కువ వస్తుంది. దాన్ని చేత్తో పీకకుండా, సాళ్ల మధ్య తోసుకుంటూ పోయే చిన్న యంత్రంతో మట్టిలోకే కలిపేయాలని సార్ చెప్పారు. గద్వాలలో అడిగాం, లేదన్నారు. నేను సినిమాలో ఆ యంత్రం కనబడే చోట ఆపి ప్రింటు తీశాను. నల్లటి మరక తప్ప ఏమీ రాలేదు. ఆ మరకను పట్టుకునే అత్త, నేను బస్సెక్కి అయిజ పోయాం. అక్కడ గొర్రులు, నాగళ్లు చేసే ఒక వెల్డింగు ముసలాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని చాచా అనేవారు. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్ల ఏం కనబడ్తలేదమ్మా. ఇది తిరుగుతదా, నిలబడ్తదా?"

"తిరుగుతది చాచా. ముంగలికి తోసి ఎనకకి గుంజాలె," అని అత్త చేతులతో చూపించింది.

"జర ఆగుండ్రి. నేనే వచ్చి చూస్త," అన్నాడు.

శుక్రవారం నమాజు చేసుకుని, మోపెడ్ మీద మా ఊరికి వచ్చాడు. గదిలో కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఆ యంత్రం తిరిగే ముక్కను చూశాడు. వెనక్కి వేయమన్నాడు, నెమ్మదిగా వేయమన్నాడు. జేబులోంచి సుద్దముక్క తీసి మా సిమెంటు నేల మీద పళ్ల చక్రం గీశాడు. "ఎన్ని పండ్లున్నయో లెక్కపెట్టనియ్యి బిడ్డా," అన్నాడు. తెర మీద తిరిగే చక్రం పళ్లు లెక్కపెట్టడానికి ఆయన అరగంట కూర్చున్నాడు. వారానికి పాత సైకిలు హాండిలు, రేకు డబ్బా, ఇనుప పళ్లతో ఒకటి చేసి తెచ్చాడు. పది అడుగులు తోయగానే మట్టి కూరుకుపోయి ఆగింది. మళ్లీ మోపెడ్ మీదేసుకుని తీసుకుపోయాడు. మూడో రోజు పళ్ల మధ్య దూరం పెంచి మళ్లీ తెచ్చాడు. ఈసారి అది నడిచింది. ఆ ఇద్దరూ, అత్త ఒక సాలులో, చాచా ప్యాంటు మోకాళ్లకు మడిచి ఇంకో సాలులో, మార్చి మార్చి తోయడం నేను ఒడ్డు మీద నిలబడి చూశాను. ఎక్కడో ఎవరో తీసిన సినిమా, ఆకాశంలోంచి మా గదిలోకి దిగి, అయిజలో ఇనుమై, మా మడిలో తిరుగుతోంది. దాన్ని అడగడానికీ నమ్మడానికీ వీళ్లిద్దరికీ చదువు లేకపోవడం అడ్డం కాలేదు.

అంతా కుదిరిందనుకున్నప్పుడు ఆకులు పసుపు పచ్చగా తిరిగాయి. నాట్లు వేసి మూడు వారాలు దాటింది. అత్త ఆ రోజు అన్నం తినలేదు. నేను సంఘం వాళ్లిచ్చిన కెమెరాతో ఫొటోలు తీశాను. ఆకుది ఒకటి, మొక్కది ఒకటి, మడి మొత్తానిది ఒకటి. ఒక్కొక్క ఫొటో పైకి పోవడానికి అరగంట పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి.

మంగళవారం సార్ ఆ ఫొటోలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఏం తెగులు, ఏం మందు అని చెబుతారని మేం చూస్తున్నాం. ఆయన ఒక్కో ఫొటోనూ దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత మెల్లగా అడిగారు.

"అమ్మా, మడిలో నీళ్లు నిలబెడుతున్నారా?"

అత్త తల దించుకుంది. నాకు అర్థం కాలేదు. మేం తడి మాత్రమే ఇస్తున్నామని నేను చెప్పబోయాను. అత్త నా చెయ్యి పట్టి ఆపింది.

"పెడుతున్న సారూ," అంది. "మన్ను ఎండి చీరుతుంటె చూడబుద్ధి గాలె. తెల్లారి కరెంటొచ్చినప్పుడు మోటరేసి నిండ పెడుతున్న. ఈ పిల్లకు గూడ చెప్పలె."

సార్ నవ్వలేదు, కోప్పడలేదు. "మీ తప్పు కాదమ్మా. ఇన్నేళ్లు అలాగే పెంచారు కదా. కానీ వేర్లకు గాలి అందటం లేదు. ఆపేయండి. సన్నగా పగుళ్లు కనపడేదాకా ఆగండి. ఒకసారి యంత్రం తిప్పండి. వారంలో తేరుకుంటుంది," అన్నారు.

"నీకెట్ల తెలిసింది సారూ?"

"మూడో ఫొటోలో మొక్కల మొదళ్ల దగ్గర మట్టి మీద నాచు ఉంది. చూడండి."

నేను ఫొటో తెరిచాను. ఆయన చెప్పినచోట, మట్టి మీద ఆకుపచ్చని పొర, వేలెడంత కూడా లేదు. ఫొటో తీసిన నేను చూడలేదు. రోజూ ఆ మడిలో తిరిగే ఆమె చూసీ చూడలేదు. అత్త తెర దగ్గరికి వంగి ఆ నాచును చూసింది. ఇంటికి నడిచేటప్పుడు అంది: "నేను తెల్లారి లేసి దొంగ లెక్క చేసిన పని, గాడ కూసోని చూసిండు పిల్లా." ఆ గొంతులో సిగ్గు కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. నాకూ అంతే. అప్పటిదాకా ఆ కంప్యూటరు నాకు ఒక ఉద్యోగం. ఆ రోజు నుంచి దాని ముందు కూర్చుంటే గుండెలో ఏదో బెరుకు, భక్తి లాంటిది ఉండేది.

నీళ్లు ఆపాం. ఆపిన మొదటి నాలుగు రోజులూ అత్త పొలానికే పోలేదు. పోతే చెయ్యి ఊరుకోదని ఇంట్లోనే ఉండి చింతపండు గింజలు తీసింది. ఐదో రోజు ఇద్దరం పోయాం. పసుపు విరిగింది. ఆ తర్వాత జరిగినదాన్ని నేను రోజూ ఫొటోలు తీశాను కాబట్టే నమ్ముతున్నాను. ఒక్క గీతలా ఉన్న మొక్క రెండయింది, నాలుగయింది, పిడికిలి పట్టనంత అయింది. నెలన్నర నాటికి సాళ్లు కలిసిపోయి, మట్టి కనపడకుండా పోయింది. ఇవన్నీ ఒక్క గింజలోంచి వచ్చిన పిలకలా అని దుబ్బు మొదట్లో చెయ్యి పెట్టి వెతికేదాన్ని. ఒక్కటే మొదలు. ప్రతిసారీ ఒక్కటే.

ఒకరోజు మధ్యాహ్నం నేను ఫొటో తీయడానికి పోయేసరికి మడి మధ్యలో మామ ఉన్నాడు. పంచె పైకి కట్టి, వంగి, ఒక దుబ్బును రెండు చేతులతో విడదీసి పిలకలు లెక్కపెడుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నన్ను చూసి ఆగలేదు. లెక్క పూర్తిచేసి నిలబడి, "నలభై రెండు," అన్నాడు. పక్క దుబ్బు చూపించి, "దాంట్ల ముప్పై ఎనిమిది," అన్నాడు. అంతసేపటి నుంచీ అక్కడే ఉన్నాడన్నమాట. ఆ రాత్రి అన్నం దగ్గర అత్తను, "వచ్చేసారి నాట్లకు నన్ను గూడ పిలువు," అన్నాడు. అత్త పులుసు వడ్డిస్తూ, "నీ నడుము వంగుతదా?" అంది. చాలా రోజుల తర్వాత ఇంట్లో నవ్వులు వినిపించాయి.

కోత నాటికి బోరు ఇంకా పోస్తూనే ఉంది. ఆ పది గుంటల్లో, మామూలుగా పండేదాని కంటే బాగా ఎక్కువే పండింది. తాలు తక్కువ, గింజ బరువు. ఊరంతా మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మరుసటి ఏడు నలుగురు వేశారు. వాళ్లలో ఇద్దరు కలుపు పడలేక మానేశారు. నాట్ల పెద్దామె మాత్రం తనంతట తానే వచ్చి, తాడు పట్టుకుని పని నేర్చుకుంది. పూసలు గుచ్చినట్టుందన్న ఆ పనిలోనే ఆమె తర్వాత మా చుట్టుపక్కల మూడు ఊళ్లకు పెద్ద అయింది. చాచా ఇంకా కొన్ని యంత్రాలు చేశాడు. ప్రతి దానికీ ముందు వచ్చి ఆ ముక్క ఒకసారి చూసి పోయేవాడు, ఎందుకో నాకు తెలియదు.

మా మొదటి కోత తర్వాతి ఎండాకాలంలో ఒక మంగళవారం సార్ మా అత్తను పిలిపించమన్నారు. ఈసారి తెర మీద ఆయన ఒక్కరే లేరు. పక్కన ఇంకో చదరం ఉంది. అచ్చంపేట అవతల, నల్లమల అంచున ఉన్న ఒక ఊరి గది అది. కొప్పు ముడేసుకున్న ఒకామె కూర్చుని ఉంది. అత్త వయసే ఉంటుంది. ఆ ఊళ్లో ఒంటి నాటు వేద్దామనుకుంటున్నారని, చేసినవాళ్లతోనే మాట్లాడిస్తే మంచిదని సార్ అన్నారు.

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. అత్త గద్వాల, అయిజ దాటి పోయింది లేదు. అవతలి ఆమె కూడా అచ్చంపేట దాటి ఉండదు.

"అక్కా, నీళ్లు పెట్టకుంటె మనసొప్పిందా నీకు?" అని అడిగింది ఆమె.

"ఒప్పలె," అంది అత్త. "దొంగతనంగ పెట్టిన. పసుపుబడ్డది." నాచు సంగతి, సార్ పట్టుకున్న సంగతి, ఏమీ దాచకుండా మొత్తం చెప్పింది. ఆమె నోటి మీద చెయ్యేసుకుని విన్నది. తర్వాత అడిగింది: "మాకాడ అడివి పందులున్నయి. మొక్కలు దూరం దూరం పెడితె అవి నడువనీకి ఇంక సులువైతది గద?"

"నాకు తెల్వదు చెల్లె. మాకు పందులు లేవు. ఇప్పుడేం జేస్తుండ్రు మీరు?"

"మడి సుట్టూ పాత చీరలు కడ్తం."

"ఏ రంగువి?"

"రంగుతోని పని లేదక్కా. కట్టి ఇడిసిన చీర కావాలె. ఉతకొద్దు. మనిషి వాసన ఉంటె రావు. వానొచ్చి వాసన పోతె మల్ల వేరేది కట్టాలె."

అత్త కుర్చీ ముందుకు జరుపుకుంది. ఎంత ఎత్తున కడతారు, ఎన్ని రోజులకు మారుస్తారు, పిల్లలు ముట్టుకుంటే వాసన చెడుతుందా అని వరుసగా అడుగుతూ పోయింది. నేను మౌసు మీద చెయ్యి పెట్టి ఊరికే కూర్చున్నాను. ఆ రోజు నేను చేయాల్సిన పని ఏమీ లేదు. తన చదరంలో సార్ తల వంచి, వాళ్ల మాటలన్నీ కాగితం మీద గబగబా రాసుకుంటున్నారు. నాలుగు గంటలకు ఆపేయడం ఆయన పద్ధతి. నాలుగు దాటినా ఆపమనలేదు.